దగ్గుకు సుఖవ్యాధుల ఫారం

ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా దగ్గు జబ్బు పడకటింటి సంబంధం వల్ల సోకినట్టు ఫారంలో ఉన్న వాక్యం కొట్టివేయించుట గురించి.

కూడలిలో సెలూను నడుపుకునే నేను సవినయంగా మనవి చేసుకునేది:

1. గత సోమవారం నాకు దగ్గు వైరస్ ఉన్నట్టు పరీక్షలో తేలినది. ఇంటికి వచ్చిన తమ నర్సమ్మ గారు, దగ్గు ఫారాలు అయిపోయాయని, సుఖవ్యాధుల విభాగంలో మిగిలిన ఫారం మీద నా వివరాలు రాసుకున్నారు. అందులో "సోకిన విధం: లైంగిక సంపర్కం" అని ముందే అచ్చు వేసి ఉన్నది. కొట్టేయమంటే, అచ్చయినదాన్ని కొట్టే అధికారం తనకు లేదన్నారు. నకలు నా తలుపుకు అంటించి వెళ్లారు.

2. నా భార్య నలభై రోజులుగా ఇంట్లో లేదు. కాలు విరిగిన అక్కగారికి సాయంగా వెళ్లినది. కనుక సదరు విధంగా సోకే భాగ్యం నాకు లేదు.

3. ఈ పది రోజుల్లో ఎవరికి దగ్గరగా మసిలావని అడిగితే, గడ్డం గీయించుకున్న ఇరవై ముగ్గురి పేర్లూ దాచకుండా చెప్పాను. అవన్నీ "భాగస్వాములు" అనే గడిలోకి ఎక్కాయి. వీధి వీధంతా నిలబడి చదువుతోంది. పదకొండో వరుసలో తమరున్నారు.

4. జరిగినది ఇది. వడ్రంగి గారి పై పెదవి మీద నా కత్తి ఉండగా ఆయన దగ్గారు. కత్తి తప్పించాను గానీ నా మొహం తప్పించలేకపోయాను.

5. ఈ జబ్బు ఆ దారిన వస్తుందా అని తమ డాక్టరు గారిని ఫోనులో అడిగాను. "ఊపిరితో వచ్చేదయ్యా, ఆ పనితో కాదు. అయినా అంత దగ్గరైతే ఊపిరి తగలకుండా ఉంటుందా?" అన్నారు. బుద్ధి గడ్డి తిని ఆ మాట ఉన్నదున్నట్టు నా భార్యకు చెప్పాను. ఎవరో పుణ్యాత్ములు తలుపు ఫోటో తీసి అప్పటికే ఆవిడకు పంపి ఉన్నారు.

6. తిట్టిపోసి ఉంటే నా ప్రాణం కుదుటపడేది. "వేళకి తినండి. నేనిక్కడే ఉంటాను" అని మెల్లగా ఫోను పెట్టేసింది. పందొమ్మిదేళ్ల కాపురంలో ఆవిడ నాతో అంత మర్యాదగా ఎన్నడూ మాట్లాడలేదు. భయం వేస్తోందయ్యా. ఆవిడ రాదేమో.

కావున ఈ వైరస్ దగ్గు తుంపర్లతో, ఊపిరితో సోకునదే గానీ ఫారంలో అచ్చయిన విధంగా కాదని తమ సంతకంతో ఒక ముక్క రాసి ఇప్పించవలెను. ఈ గోడు చిత్తగించవలెను.

గడప దాటే అనుమతి లేని తమ విధేయుడు,
కూడలి సెలూను యజమాని

తా.క.: దీన్ని కవరులో పెడుతుండగానే ఆవిడ దిగింది. ఫోటోలో పేర్లు కనబడలేదట. తలుపు దగ్గరే నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివి, "నా ఒక్కదానితోనే వేగలేరు, ఇరవై మూడు గడ్డాలతో ఏం వేగుతారు" అంటూ, నేను వద్దన్నా వినకుండా లోపలికి వచ్చేసింది. అది జరిగి నాలుగు రోజులు. అర్జీ పంపడం మరిచిపోయాను. నిన్నటి నుంచి ఆవిడకూ దగ్గు. నర్సమ్మ గారు రేపు వస్తారట, దగ్గు ఫారాలు ఇంకా రాలేదట. ఫర్వాలేదు. ఆవిడ ఫారంలో ఏమీ కొట్టనక్కరలేదు.