బట్టల బుట్టలో బొమ్మ

అక్కా, నేను కులాసా, కనుబొమలు కూడా కాలలేదు, బావ బెంగపెట్టుకోనక్కర్లేదు.

చుట్టుపక్కల ఫైరు స్టేషన్లన్నిటి నుంచీ మమ్మల్ని పోగేసి, ట్రైనింగని పొగ గదుల్లోకి తోలుతున్నారు. నిన్న పరీక్ష. పొగలో ఎక్కడో దాచిన చిన్నపిల్లంత బొమ్మని వెతికి తేవాలి. తేకపోతే ఈ వయసులో నన్నిక ఫైరు బండెక్కనివ్వరు, ఫోను దగ్గర కూర్చోబెడతారు. నా ముందు వెళ్ళిన కుర్రాళ్ళు ఉత్త చేతులతో వచ్చారు. మొహానికి గాలి ముసుగు తగిలించుకుని దూరితే, లోపల నా చెయ్యే నాకు కనపడలేదు. గోడ తడుముకుంటూ పాకుతుంటే మన వెనకగది గుర్తొచ్చింది. నా కళ్ళకి గంతలు కట్టి, నువ్వెళ్ళి మాసిన బట్టల బుట్టలో దూరేదానివి. ఇక్కడా ఒక బుట్ట చేతికి తగిలింది. బొమ్మ అందులోనే ఉంది. చంకనేసుకొచ్చి, "ఇదిగోండి సార్, మా అక్క. కాస్త ఒళ్ళు చేసింది" అన్నాను.

పాసయ్యాను. సారు మాత్రం నవ్వలేదు. "భయపడ్డ పిల్లలు నిజంగా ఇలాగే దాక్కుంటారయ్యా. పిలిచినా పలకరు" అన్నాడు. నీ మనవరాలు కూడా ఇప్పుడు మనింటి బుట్టలోనే దూరుతోంది కదా. రాత్రి అదే తలుచుకున్నాను.

గ్యాసు గొట్టం మార్పించావా? బావ మంచంమీద సిగరెట్టు మానాడా? నా చలికోటు ఎండలో వెయ్యి. బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

చిన్నదానికి చెప్పు, పొగొస్తే దాక్కోకుండా బయటికి పరిగెత్తాలని. ఒకవేళ దాక్కున్నా, ముసుగు మనిషి వచ్చి పిలిస్తే పలకాలని. ఆ ముసుగులో ఉండేది చిన్నతాతే అని చెప్పు.

నీ కోతి తమ్ముడు