వేడి చేసిందట

డిసెంబర్ 30, సోమవారం

ఈరోజు కూడా ఓపీ అంతా వేడే. ఒకాయనకు ఇంజిన్ పక్కన కూర్చుని వేడి చేసిందట. ఇంకొకాయనకు చికెన్ తిని. మూడో ఆయనది దోస్తు సంగతట, తనది కాదట. అందరికీ మూత్రంలో మంట, చీము. కరీంనగర్‌లో స్కిన్ డాక్టర్‌గా ఇరవై ఏళ్లుగా ఇదే పాట. వేడికి చీము రాదయ్యా అని చెప్పీ చెప్పీ నా నోరే ఎండిపోయింది. సబ్జా నీళ్లతో గనేరియా పోయేదైతే నేను ఎప్పుడో క్లినిక్ మూసుకుని హాయిగా పడుకునేదాన్ని.

సాయంత్రం 7

తాళం వేసే వేళకు అతీక్ వచ్చాడు. మా అన్న జియావుల్లా కొడుకు, మేనత్తగా నేను ఎత్తుకు తిప్పిన పిల్లాడు. రెండు వారాల్లో నికా. ఫుప్పూ, జర వేడి చేసింది అన్నాడు, నేల చూస్తూ.

బోథ్ వైపు పత్తి కొనడానికి పోయి ఆదిలాబాద్ లాడ్జిలో ఉన్నాడట. దోస్తులతో కలిసి ఒక్కసారే ఒకామె దగ్గరికి పోయిండట. కండోమ్ యాదికి రాలేదట. మెడికల్ షాపు వాడిచ్చిన గోళీలు మింగితే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది.

ఇంజెక్షన్ నేనే ఇచ్చాను. గనేరియాతో పాటే అంటే క్లమీడియా కూడా ఉండొచ్చని వారానికి మాత్రలిచ్చాను. హెచ్ఐవీకి, సిఫిలిస్‌కు రక్తం తీశాను. మంట తగ్గిందని మధ్యలో మానేస్తే రోగం పోదు, కనిపించకుండా కూర్చుంటుంది అని చెప్పాను. పెళ్లికూతురు యుమ్నాకు అంటితే చాలాకాలం ఆ పిల్లకు తెలియకపోవచ్చు, లోపల పాడైపోతుంది, రేపు పిల్లలు కాకపోతే మాటలు పడేదీ తనే అన్నాను. నికా వెనక్కి జరుపు, లేదా ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను. కార్డులు పంచినం, అబ్బా సంపేస్తడు అని ఏడ్చాడు. కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

జనవరి 3

రక్తం రిపోర్టుల్లో ఏమీ లేదు. మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. మంట పోయిందని మెసేజ్ పెట్టాడు. మాత్రలు ఆపకు అని రాశాను. బొటనవేలి బొమ్మ వచ్చింది. ఆ బొమ్మంటే నాకు ఒళ్లు మంట.

జనవరి 7

చూపించుకోవడానికి రమ్మన్నాను. రాలేదు. పెళ్లి పనులట.

జనవరి 10

మాంజా, పెళ్లికి ముందు పసుపు రాసే వేడుక. అతీక్ చెంపలకు పసుపు రాస్తూ చెవిలో అడిగాను, మాత్రలన్నీ వేసుకున్నావా అని. అయినయ్ ఫుప్పూ అన్నాడు, ఎటో చూస్తూ. యుమ్నాకు చెప్పావా అంటే, పెళ్లయినంక చెప్తా అన్నాడు.

తర్వాత యుమ్నా తల్లి నన్ను పక్కకు తీసుకుపోయింది. పిల్లగాడు మీ క్లినిక్‌కు వచ్చిండట, ఫికర్ పడేదేమన్న ఉందా అని అడిగింది. నా చేయి వదల్లేదు. పేషెంట్ సంగతి నేను చెప్పకూడదు. అతన్నే అడగండి అని ఉంటే సరిపోయేది. ఎదురుగా అన్న నవ్వుతూ అందరికీ మిఠాయి పంచుతున్నాడు.

తిరుగుడు ఎక్కువై వేడి చేసింది, అంతే అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. సబ్జా పంపిస్తానంది. ఇరవై ఏళ్లుగా నేను తిట్టిపోస్తున్న మాట నా నోట్లోంచే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

జనవరి 12

నికా అయింది. బిర్యానీ బాగుందట. నాకు సయించలేదు.

జనవరి 22

అతీక్ ఫోన్. మళ్లీ మంట. మాత్రలు మూడు రోజులే వేసుకున్నాడట, తగ్గింది కదా అని. కండోమ్ వాడితే యుమ్నా ఎందుకని అడుగుతదని భయమట. ఇద్దరూ కలిసి రండి, ఇద్దరికీ మందు పడకపోతే ఇది మీ మధ్యే తిరుగుతుంది అన్నాను. ఫోన్ పెట్టేశాడు. చాలా అలసిపోయాను.

జనవరి 27

యుమ్నా ఒక్కతే వచ్చింది. మెహందీ గోళ్ల మీదే మిగిలింది. పొత్తికడుపులో నొప్పి. అమ్మీకి చెప్తే ఫుప్పూ దగ్గరికి పో అన్నదట. వేడి చేసిందట.

తలుపు వేశాను. వేడి కాదు బిడ్డా అన్నాను.