సైకిళ్లకు గంట మాత్రమే

రక్షిత కొండ అడవుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూడవ నంబరు సైకిల్ మార్గము (కనుమ రోడ్డు) నందు విధించిన గంట పరిమితిని మూడు గంటలకు పెంచుట, మరియు సదరు పరిమితి వెనుక ఎవరి హస్తమున్నదో విచారించుట గురించి.

పై విషయమున విన్నవించుకొనునది ఏమనగా, నేను కొండ దిగువ ఊరిలో బజారు మలుపున గడియారాలు బాగుచేయువాడను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. నా భార్య కొండ అవతలి ఊరి ఆసుపత్రిలో నర్సు. గేర్ల సైకిల్‌పై కనుమ రోడ్డు మీదుగా ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. అందుకు గల కారణములు ఈ దిగువ పొందుపరచడమైనది.

1. నాలుగు నెలల క్రితం తమ శాఖ వారు కొండ చుట్టుపక్కల మూడు సైకిల్ మార్గాలకు బోర్డులు పెట్టించినారు. వాగు వెంట పోయే మొదటి మార్గానికి గాని, తోటల మధ్య పోయే రెండవ మార్గానికి గాని ఏ ఆంక్షా లేదు. అడవి లోపలి నుంచి పోయే మూడవ మార్గానికి మాత్రం రెండు కొసలా పచ్చ రేకు మీద తెల్ల అక్షరాలతో ఇట్లు రాయించినారు: "రక్షిత ప్రాంతం. చెత్త వేయరాదు. జంతువులను బెదరగొట్టరాదు. సైకిళ్లకు గంట మాత్రమే." సదరు మార్గం పొడవు ఇరవై రెండు కిలోమీటర్లు. అందులో సగం నిటారు ఎక్కుడు. దానిని గంటలో దాటడం ఎవరి తరమని తమ శాఖ భావించినదో బోధపడకున్నది. కొలిచిన మనిషి జీపులో కూర్చుని కొలిచి ఉంటాడని నా అనుమానం.

2. గాలి కబుర్లతో ఫిర్యాదు చేయుట నా పద్ధతి కాదు. అందుచేత స్టాప్‌వాచీ మెడలో వేసుకుని, పక్క షాపాయన సైకిల్ అడిగి తీసుకుని, సదరు మార్గమును స్వయముగా తొక్కి చూసినాను. రెండు గంటల పదకొండు నిమిషాలు పట్టినది. చివరి మలుపులో కాళ్లు నా మాట వినలేదు. అవతలి చెక్‌పోస్టు వాచ్‌మన్ నన్ను ఆపలేదు సరికదా, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చినాడు. రూలు మీరిన వాడికి మంచినీళ్లు ఇచ్చే వాచ్‌మన్‌ను నేను ఎక్కడా చూడలేదు. నేను పైవాళ్లకు రాస్తానని ముందే పసిగట్టినాడని అప్పుడే అనుకున్నాను. ఆదివారాలు తెల్ల హెల్మెట్ల గుంపొకటి ఇరవై మంది దాకా అదే రోడ్డు ఎక్కి, పైన ఫోటోలు దిగి, తీరిగ్గా మధ్యాహ్నానికి దిగుతారు. వాళ్లనూ ఎవరూ ఏమీ అనరు. వాళ్ల గంట వేరు, మా ఇంటి గంట వేరు కాబోలు.

3. మా వైపు చెక్‌పోస్టు దగ్గర ఒక నీలం జీపు ఎప్పుడూ నిలబడి ఉంటుంది. సైకిళ్లు ఆగిపోతే జీపుకు గిరాకీ. డ్రైవరూ, బోర్డు రాసిన పెయింటరూ బావా బావమరుదులని వినికిడి. తొమ్మిది రోజులు దుకాణం మూసి కాపలా కాసినాను. ఒక్క సైకిలునైనా ఎక్కించుకోలేదు. అంత జాగ్రత్తపడుతున్నాడంటేనే తమరు గ్రహించగలరు.

4. నా భార్య రాకపోకల విషయమై నా వద్ద పద్నాలుగేళ్ల రికార్డు కలదు. వంటింటి తలుపు వెనక పుస్తకం వేలాడదీసి, వెళ్లిన టైము, వచ్చిన టైము రాసి ఉంచుతాను. డ్యూటీ దిగి బయల్దేరితే అయిదూ పదికి గుమ్మంలో సైకిల్ స్టాండు చప్పుడు వినిపించాలి. ఒకనాడు అయిదూ ముప్పై ఒకటి అయినది. ఆ ఇరవై ఒక్క నిమిషాలూ ఏమయ్యాయని అడిగితే ఎదురుగాలి అన్నది. నేను వాతావరణ శాఖకు ఉత్తరం రాసినాను. ఆ సాయంత్రం గాలి ఆమె వీపు వైపు నుంచి వీచినట్లు జవాబు వచ్చినది. చూపించినాను. ఆమె చదివి, మడిచి, నా చేతికే ఇచ్చి, భోజనం వడ్డించింది. టైర్ల మట్టి, చైను నూనె కూడా అప్పుడప్పుడు పరిశీలించేవాడిని. ఏనాడూ ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో నా మనసు మరింత కుదురు తప్పింది.

బోర్డు పెట్టిన వారానికి ఆమె సంచి సర్దుకున్నది. "గంటలో దాటలేను కదండీ. రూలంటే రూలే. ఆసుపత్రి క్వార్టర్సులో ఉంటాను, ఆదివారాలు బస్సులో వస్తాను" అన్నది. పద్నాలుగేళ్లలో ఆరా తీయకుండా నేను నమ్మిన మాట ఇదొక్కటే. ప్రభుత్వం వారి బోర్డు మీద ఉన్నది గదా. గడచిన మూడు ఆదివారాలుగా బస్సులోనూ రాలేదు. బాగుచేసిన గడియారాలు ఇంట్లో పద్దెనిమిది ఉన్నాయి. అన్నీ ఒకటే టైము చూపిస్తాయి. ఏ టైముకూ ఎవరూ రారు. నాకు చాలా కష్టంగా ఉన్నదండీ.

5. ఈ అంశము మొన్నటి వరకు లేదు. పై నాలుగు అంశములకు రుజువుగా చెక్‌పోస్టు రిజిస్టరు నకలు జతపరచదలచి, నిన్న మళ్లీ కొండ ఎక్కి దిగి అవతలి వాచ్‌మన్‌ను కలిసినాను. గంట దాటిన వాళ్ల పేర్లు విడిగా రాసి ఇమ్మన్నాను. ఆయన రిజిస్టరు మూసి, బోర్డు వైపు చేయి చూపినాడు.

"గంటంటే టైము కాదండీ, బెల్లు. కొందరు పెద్ద పెద్ద హారన్లు బిగించుకొచ్చి జింకల్ని బెదరగొడుతున్నారు. హారన్లు వద్దు, గంట మాత్రమే ఉండాలని రాయించారు."

గడియారాలవాడిని. గంట అంటే నాకు ఇంకేమి తోస్తుంది? ఈ సంగతి అవతలి ఊరి నర్సుకు తెలుసునా అని అడిగినాను. ఆమె నాకేమవుతుందో మాత్రం నేను చెప్పలేదు. మొదటి రోజే చెప్పానన్నాడు. ఆవిడ బోర్డు ముందు నిలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్విందట. ఇప్పటికీ డ్యూటీ దిగాక సైకిల్ మీద కనుమ దాకా ఎక్కుతుందట. పైన బండ మీద కూర్చుంటే దిగువన తమ ఇంటి మేడ మీది నీళ్ల ట్యాంకు కనిపిస్తుందని చెప్పిందట. కాసేపు కూర్చుని, అటు దిగకుండా, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోతుందట.

ఎవరితో వస్తుందని అడిగినాను. ఒక్కతే అన్నాడు. ఎన్ని నిమిషాలు కూర్చుంటుందని కూడా అడిగినాను. అడగకుండా ఉండవలసింది.

"అది నేను రాయనండీ. ఇక్కడ తన టైము ఎవరూ చూడరని, అందుకే వస్తానని చెప్పిందావిడ."

ఆ ఇరవై ఒక్క నిమిషాలు ఎక్కడికి పోయినవో నాకు ఇన్నాళ్లకు తెలిసింది. తిరుగుదారిలో పైన ఆ బండ పక్కగానే వచ్చాను. ఆగలేదు. అది ఆమె చోటు.

6. అధికారిక పత్రములందు కొట్టివేతలు ఉండరాదు గనుక పై నాలుగు అంశములను అట్లే ఉంచుచున్నాను. అయితే జీపు డ్రైవరుపై, పెయింటరుపై, మంచినీళ్లు ఇచ్చిన వాచ్‌మన్‌పై నాకు ఇక ఏ అనుమానమూ లేదు. గంటను మూడు గంటలు చేయమన్న కోరికను కూడా ఉపసంహరించుకొనుచున్నాను. అలా రాయిస్తే సైకిల్‌కు మూడేసి బెల్లులు బిగించుకు వచ్చేవాళ్లుంటారు.

కావున, నావంటి వారు మరెవ్వరూ పొరబడకుండా, సదరు బోర్డుపై "గంట" అను మాటను తీసివేసి "బెల్లు" అని దిద్దించవలసినదిగా వేడుకొనుచు, ఈ నాలుగు కాగితములను తీరిక చూసుకుని చిత్తగించవలెనని ప్రార్థన. తొందర లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
బజారు మలుపు గడియారాలవాడు

తా.క.: బోర్డు దిద్దించకండి. మీ ఆఫీసు వరండాలో క్యూలో నిలబడి ఇది రాస్తున్నాను. దిద్దితే ఆమె చూస్తుంది. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలుస్తుంది. అప్పుడు ఇంటికి రాకపోవడానికి ఇంకో కారణం చెప్పవలసి వస్తుంది. ఆ ఇంకో కారణం, పైన సంతకం పెట్టినవాడే. ఆమె నోటితో అది వినే ధైర్యం నాకు లేదు. ఏదో ఒక ఆదివారం బస్సు దిగి, గంటలో దాటలేకపోతున్నానండీ అంటే, అవును, పెద్ద కొండే అంటాను. ఎన్నింటికి బయల్దేరావని అడగను.