మూత లోపలి గీతలు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఎవరూ పేరు వినని నీ పాత వాచీలను పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాను. "ఒక్కటైనా నడుత్తాదేమో సూసి రారా," అంది అక్క.

నువ్వు ఎక్కువగా తుడుచుకునే వాచీని పలాసలో వాచీలు బాగుచేసే ఆయనకిచ్చి, "ఈ కంపెనీ పేరు కంపెనీవోడికైనా తెలుసేటి?" అన్నాను. ఆయన వెనక మూత విప్పి నా చేతికి భూతద్దం ఇచ్చాడు.

"లోపల సూడు మావా. బాగుసేసినోడల్లా సూదితో తన గుర్తు గీత్తాడు."

మూత నిండా వెంట్రుకంత గీతలు. ఒకటి ఒడియా అక్షరం. గుండ్రంగా ఉన్నది బర్మా అక్షరమట, మన తాతల కాలం నాటిదట. మనం పుట్టకముందు నుంచీ ఎవరో ఒకరు దీన్ని ఆగిపోనివ్వలేదు బావా! భూతద్దం జరిపి ఇంకో గీత వెతికాను.

ఆయన తన గుర్తూ గీసి కీ ఇస్తే నడిచింది. ఇంటికి తెస్తే అక్క చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది.

రేపు మిగతావి పట్టుకెళ్తున్నాను. బాగుచేయించడానికని అక్కకు చెప్పాను. నాకు మాత్రం మూతలు విప్పించి చూడాలని ఉంది.