జనరల్ గారి కారు ఇసకలో దిగబడింది

బావా,

నిన్న మన భీమిలి ఒడ్డున నీ విగ్రహం పెట్టారు. ముసుగు తీసింది ఎవరనుకున్నావు? నువ్వు తిరిగిరాని ఆ కొండ మీదికి మిమ్మల్ని పంపిన జనరల్ గారే. ఇప్పుడు రిటైరయ్యారు. "నా ప్లాన్‌లో తప్పు లేదు, కుర్రాళ్లే తొందరపడ్డారు" అని మైకులో చెప్పారు.

నీ పెళ్లాం ఊరుకుంటుందా? మా అప్ప ముందు వరసలోంచి లేచింది.

"ఏటి బాబూ, పడవ దారి తప్పితే సరంగుని అడుగుతాం గానీ తెడ్డుని తిడతామేటి?"

మైకు బాగోలేదన్నారాయన.

తర్వాత సముద్రాన్ని దగ్గర్నుంచి చూడాలని కారుని ఇసకలోకి పోనిమ్మన్నారు. దిగబడ్డాక, వద్దని చెప్పిన డ్రైవర్నే తిట్టారు. చివరికి మేమంతా తోశాం. అప్ప కూడా ఓ చెయ్యి వేసింది.

విగ్రహానివి కాబట్టి నిలబడి చూశావు గానీ, ఉంటే అందరికంటే ముందు నువ్వే తోసేవాడివి.