బావి మీది చెక్కలు

అక్కా,

నీ కూతురు క్షేమం. ఈ మాట రెండుసార్లు చదివాకే కిందికి రా.

నిన్న మధ్యాహ్నం తోట ఇంటి వెనక, పాత బావి మీద పరిచిన చెక్కలపై అది గెంతుతుంటే ఒకటి విరిగి, దాని కాలు తొడదాకా దిగబడింది. విరిగిన ముక్క నీళ్లలో పడ్డ చప్పుడు ఎంతసేపటికో గాని వినబడలేదు. "పిన్నీ, కింద చల్లగా ఉందే!" అని నవ్వుతోంది. "కదలకు తల్లీ" అంటూ బోర్లా పాకి, చంకలు పట్టి లాగాను. దానికి మోకాలు గీరుకుంది, అంతే. నాకే పై ప్రాణాలు పైనే పోయాయి.

ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించావో వెంటనే రాయి. శనివారం వచ్చేటప్పుడు బావగారిని బావికి ఇనుప మూత తెమ్మను. అది బిగించేదాకా చిన్నవాణ్ణి కారు దింపకు. బావగారికి నమస్కారాలు, వాడికి ముద్దులు.

ఇది మళ్లీ అక్కడికే వెళ్దామని పేచీ పెడుతోంది. దాని చెయ్యి వదలాలంటే భయమేసి ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూసి కంగారుపడకు.

నీ చెల్లి