కాటా గదిలో కొత్త లైనక్స్

మేనల్లుడికి,

మామయ్య దీవించి రాసేది. ఇక్కడ మీ అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. కంప్యూటరే బాగాలేదు.

ఆదివారం వచ్చావు. వైరస్ పట్టిందని, లారీలు తూచే మా కాటా గదిలో మిషన్ మొత్తం తుడిచేశావు. పాత సిస్టమ్ బదులు లైనక్స్ ఎక్కించి, "అయిపోయింది మామయ్యా, చిన్న చిన్న సెట్టింగులే మిగిలాయి" అని రైలెక్కేశావు. ఇల్లు కట్టేశాను, గోడలూ కప్పూ మాత్రమే మిగిలాయన్నట్టుంది నీ మాట. వైఫై రాదు. ప్రింటరు కదలదు. గడియారం మనకంటే చాలా వెనక నడుస్తోంది.

లారీల హారన్లు విని విని నాకు ఫోనులో మాట సరిగా వినబడదని నీకు తెలుసు. అందుకే మీ ఊరు వచ్చే లారీ డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. జవాబు అతని చేతికే ఇవ్వు.

సోమవారం నుంచి ధాన్యం లారీలు వరస కడతాయి. ఆ రోజు కాటా చీటీ ప్రింటై బయటికి రాకపోతే నా కుర్చీలో తన బావమరిదిని కూర్చోబెడతానని యజమాని తేల్చి చెప్పాడు. ఆ బావమరిది అప్పుడే వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటున్నాడు. నిన్న లోపలికి తొంగిచూసి, కుర్చీ ఎత్తు తగ్గించుకోవచ్చా అని అడిగాడు.

ముందు ఒకటి చెప్పు. నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడుగుతోంది. ఎంత కొట్టినా అక్షరం పడదు, చుక్క కూడా పడదు. కీబోర్డు పోయిందా?

ఇట్లు, ఇంకా కుర్చీలోనే ఉన్న మీ మామయ్య.

తా.క. దుమ్ము పట్టిందేమోనని కీబోర్డుని సబ్బునీళ్లతో కడిగి కాటా మీద ఆరబెట్టాను. బరువేమీ చూపించలేదు.

*

మామయ్యకి నమస్కారాలు.

కీబోర్డు ఎందుకు కడిగారు మామయ్యా? పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనిపించకపోవడం రోగం కాదు, దాని పద్ధతే అంత. కొట్టి ఎంటర్ నొక్కడమే.

వైఫైకి కావలసిన ఫైలు ఇంకా దింపలేదు. మీ ఫోనుని వైరుతో మిషన్‌కి తగిలించి, ఫోనులో నెట్ పంచుకునే సెట్టింగు నొక్కండి. నెట్ వస్తుంది. అప్పుడు ఈ కాగితం వెనక రాసిన మాట నల్ల తెరలో కొడితే అప్‌డేట్లు దిగుతాయి, వాటితో ఆ ఫైలూ దిగుతుంది. దానికంటే ముందు మీ పేరు మీదున్న పాస్‌వర్డ్ మార్చుకోండి. నేను తొందరలో ఏదో పెట్టాను.

ఉంటాను మామయ్యా, అత్తయ్యని అడిగానని చెప్పండి.

తా.క. ప్రింటర్‌ని కడగకండి.

*

మేనల్లుడికి,

మామయ్య ఓపిక కూడగట్టుకుని రాసేది.

పాస్‌వర్డ్ మార్చబోయాను. కొత్తది కొట్టమంది, కొట్టాను. మళ్లీ కొట్టమంది. ఓహో, ఇదీ మన పద్ధతే అనుకున్నాను. లారీని లోడుతో ఒకసారి తూస్తాం, సరుకు దింపాక ఇంకోసారి తూస్తాం. అలాగే మొదటిసారి నిండుగా కొట్టాను, రెండోసారి ఖాళీగా ఎంటర్ నొక్కాను. రెండూ కలవలేదంటుంది! ఎందుకు కలుస్తాయి? కలిస్తే లారీలో సరుకే లేనట్టు కదా! ఎన్నిసార్లు చేసినా అదే గోల. దీన్ని తయారుచేసినవాడు జన్మలో కాటా ఎక్కలేదు.

సరే పొమ్మని నువ్వు రాసిన మాట కొట్టాను. నాకు అధికారం లేదట, ఈ సంగతి పైకి తెలియజేస్తుందట. పైకంటే ఎవరికి? ఇన్నేళ్ల సర్వీసులో నా మీద ఒక్క ఫిర్యాదు లేదు, ఆ మచ్చ నీ చేతి మీదుగా రావాలా? నాకే తప్పుగా అర్థమైందేమోనని బావమరిదిని పిలిచి చదవమన్నాను. రెండుసార్లు చదివాడు. రెండోసారి బయట హమాలీలకి కూడా వినబడేలా చదివాడు.

వెంటనే జవాబు రాయి. లేకపోతే మీ అమ్మకి రాస్తాను.

ఇట్లు, ఫిర్యాదు పాలైన మీ మామయ్య.

తా.క. ఆ ఫిర్యాదు వెళ్లకుండా ఫోను వైరు పీకేశాను. ఈపాటికి వెళ్లిపోయుంటుందా?

*

మామయ్యకి నమస్కారాలు.

అది లారీ కాదు మామయ్యా. రెండుసార్లూ ఒకటే కొట్టాలి. నిండు, మళ్లీ నిండు.

ఫిర్యాదు ఎవరికీ వెళ్లదు. మిషన్‌లోనే ఒక ఫైల్లో పడి ఉంటుంది, దాన్ని చదివే నాథుడు లేడు. తప్పు నాదే, మీ పేరుకి అధికారం ఇవ్వడం మరిచిపోయాను. నా పేరుతో లోపలికి వెళ్లి (నా పాస్‌వర్డ్ కాగితం వెనక ఉంది), అక్కడే మొదట రాసిన వరుస కొట్టండి. ఆ తర్వాత ఇక మీరే అధికారి. అప్‌డేట్ మొదలయ్యాక తెర మీద అక్షరాలు పరిగెడతాయి. పరిగెత్తనివ్వండి. వైరు ముట్టుకోకండి. అది అయ్యాక సెట్టింగుల్లోకి వెళ్లి గడియారం సరిచేయండి, ప్రింటర్‌ని చేర్చి పరీక్ష కాగితం ఒకటి తీయండి.

నేనే వద్దామనుకున్నాను. మీ ఉత్తరం చూపించి సెలవు అడిగితే మా మేనేజరు మొత్తం చదివి, "లారీ గురించి ఆయన అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు. సెలవు మాత్రం ఇవ్వలేదు.

ఉంటాను.

తా.క. దయచేసి ఆ బావమరిదితో ఇంకేమీ చదివించకండి.

*

మేనల్లుడికి,

మామయ్య రాసేది.

చదివేవాడు లేడని నువ్వంటావు. ఉన్నది ఉన్నట్టు లోపల ఉంటే ఎప్పుడో ఒకడు చదవకుండా ఉంటాడా? అందుకని నేనే ముందుగా వెళ్లి యజమానికి చెప్పేశాను.

"ఏం చేశావయ్యా?" అన్నాడు.

"అధికారం లేని పని చేశానండి."

"ఏ పని?"

"అది నాకూ తెలీదండి."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. బావమరిది పక్కనుండి, "పాపం, పెద్దవాడైపోయాడు బావా" అన్నాడు. నాకంటే వాడు నాలుగేళ్లు పెద్ద.

నిండు, నిండు కొడితే పాస్‌వర్డ్ ఒప్పుకుంది. అక్షరాలు పరిగెత్తాయి. వైఫై వచ్చింది, గడియారం దారికొచ్చింది. ప్రింటరు కూడా కదిలి, రంగురంగుల చక్రమున్న పరీక్ష కాగితం ఇచ్చింది. అప్పుడే తొందరపడి ఒక లారీ వచ్చింది. ఏం చేసేది? ఆ కాగితం వెనకే చేత్తో బరువు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాను. "చీటీ ఈసారి కళగా ఉందండీ" అన్నాడు డ్రైవరు. బావమరిది అలాంటిదే ఇంకో కాగితం తీసుకుని, చాడీ చెప్పడానికి యజమాని దగ్గరికి లగెత్తాడు.

రేపే సోమవారం. మిషన్ అంతా వెతికాను, చీటీలు తీసే ప్రోగ్రాం కనబడదు. ఎక్కడ పెట్టావురా?

ఇట్లు, మీ మామయ్య.

తా.క. మధ్యలో "కొనసాగించనా?" అని అడిగింది. బావమరిది వద్దనమన్నాడు. అందుకే అవునన్నాను.

*

మామయ్యకి నమస్కారాలు.

కాటా ప్రోగ్రాం నేను ఎక్కించలేదు మామయ్యా. పాతది తుడిచినప్పుడు అదీ పోయింది. ఆ పాతది లైనక్స్ మీద నడవదు కూడా. నన్ను తిట్టడం తర్వాత, ముందు ఇది చూడండి. కూర్చుని చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాను. ఈ డ్రైవరు చేత పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. తెరిచి లారీ నంబరు కొట్టండి, నిండు బరువు, ఖాళీ బరువు కొట్టండి, ప్రింట్ నొక్కండి. చీటీ వస్తుంది.

ఉంటాను.

తా.క. ఇక్కడ మాత్రం నిండు, ఖాళీ. రెండుసార్లూ నిండు కొట్టకండి.

*

మేనల్లుడికి,

మామయ్య దీవించి రాసేది.

చీటీ వచ్చింది! సోమవారం పొద్దున యజమానీ బావమరిదీ ఇద్దరూ నా వెనక నిలబడ్డారు. లారీ ఎక్కింది, దిగింది, చీటీ ఊడిపడింది. లెక్క కిలో తేడా లేదు. ఎలాగూ చూస్తున్నారు కదా అని నల్ల తెర తెరిచి అప్‌డేట్ కూడా ఒకసారి పరిగెత్తించాను. యజమాని నోరు తెరిచాడు.

"ఇదంతా నీకెలా తెలుసయ్యా?"

"ఏముందండీ, అలవాటే" అన్నాను.

దాంతో ఏమైందో విను. మీ ఊళ్లో వాళ్ల పెద్దాఫీసులో ఆరు మిషన్లకి వైరస్ పట్టిందట. బాగుచేసే పని నాకు అప్పజెప్పాడు. కాటా కుర్చీ ఖాళీ అయింది కనక బావమరిది ఎక్కాడు. వాడికి పాస్‌వర్డ్ మార్చుకోవడం నేర్పి వచ్చాను. రెండోసారి ఖాళీగా కొట్టమన్నాను.

ఈ ఉత్తరం పెద్దాఫీసులో కూర్చునే రాస్తున్నాను. నీ గది రెండు వీధుల అవతలేనట. పని అయ్యేదాకా నీ దగ్గరే ఉంటాను. పరుపు తెచ్చుకున్నాను. ఇక ఉత్తరాలెందుకు, పక్కన కూర్చుని నువ్వు చెబుతుండు, నేను కొడుతుంటాను.

ఇట్లు, సాయంత్రానికి నీ గుమ్మంలో ఉండే మామయ్య.

తా.క. నువ్వు కాటా గదిలో మరిచిపోయిన లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో ఆరింటినీ శుభ్రంగా తుడిచేశాను. అంతా అయ్యాక గుమాస్తా వచ్చి, కంపెనీ పుట్టినప్పటినుంచి ఉన్న వివరాలన్నీ వాటిలోనే ఉండేవని చెప్పి కూలబడ్డాడు. మంచినీళ్లు ఇచ్చాను. అవన్నీ మా మేనల్లుడు వెనక్కి తెచ్చేస్తాడని చెప్పి ఇంటికి పంపాను.